‘పోస్టు’ అను మాట పుట్టుపూర్వోత్తరములు

ఆంగ్ల నిఘంటువును తెరచి ‘పోస్టు’ అను పదము కడ ఆగిన చదువరికి మొదట కలుగునది తికమక. పాతిన గుంజ ఒక అర్థము. ఉత్తరములు మోయు సంస్థ ఒక అర్థము. ఉద్యోగము మరియొకటి, కావలివాడు నిలుచు తావు ఇంకొకటి, లెక్కల పుస్తకమున పద్దు ఎక్కించుట వేరొకటి. ఇవి చాలవన్నట్లు ‘తరువాత’ అని తెలుపు ఉపసర్గ కూడ అదే రూపున కనబడును. కేంద్ర ప్రభుత్వ కార్యాలయమున పనిచేయు తెలుగువాడు ప్రొద్దున లేచినది మొదలు ఈ మాటను ఎన్నిమారులు పలుకునో లెక్కించుట కష్టము. పోస్టు వచ్చినదా అని ఇంట అడుగును. పోస్టు పడినదా అని కచేరిలో అడుగును. లైటుపోస్టు కడ బస్సు కొరకు నిలుచును. మూడింటను మాట ఒక్కటే. పుట్టుక మాత్రము ఒక్కటి కాదు.

గుంజ అను అర్థముగల ‘పోస్టు’ అన్నిటికంటె పాతది. లాటిను భాషయందు ‘పోస్టిస్’ అనగా ద్వారబంధపు నిలువు కొయ్య. నిలుచుట అను ధాతువునుండి అది పుట్టెనని భాషావేత్తల ఊహ. ప్రాచీనాంగ్ల కాలముననే అది ఇంగ్లండు చేరెను. ఉత్తరముల పోస్టునకును ఉద్యోగపు పోస్టునకును దీనితో చుట్టరికము లేదు. ఆ రెండును లాటినుననే ‘పోనెరె’ అను వేరొక ధాతువునుండి వచ్చినవి. ‘పోనెరె’ అనగా ఉంచుట, పెట్టుట. దాని భూతకాల రూపము ‘పోసిటా’ ఇటలీవారి నోట ‘పోస్తా’ అయి, ఫ్రెంచివారి చేతిమీదుగ ఆంగ్లమునకు వచ్చి ఉత్తరముల పోస్టు అయ్యెను. దాని తోబుట్టువు ‘పోసిటుం’ అదే దారిని ‘పోస్తో’ అయి కావలితావును, పిమ్మట ఉద్యోగమును తెలుపసాగెను. ఇక ‘తరువాత’ అను అర్థముగల లాటిను ‘పోస్ట్’ వీటిలో దేనికిని చెందక విడిగ నిలిచిన అవ్యయము. ఒకటి నిలుచునది, ఒకటి నిలుపబడునది, ఒకటి వెనుక వచ్చునది. సంబంధము లేని మూడు కుటుంబములవారికి ఒకే ఇంటిపేరు తగిలినట్లు ఈ మూడును ఆంగ్లమున ఒకే రూపు దాల్చినవి.

ఉంచుటకును ఉత్తరమునకును సంబంధమేమి అని అడుగవచ్చును. వార్త వేగముగ పోవలెనన్న ఒక మనుష్యుడు, ఒక గుర్రము చాలవు. అలసిన గుర్రమునకు బదులు వేరొకటి, అలసిన రౌతునకు బదులు వేరొకడు దారిలో సిద్ధముగ ఉండవలెను. రోము చక్రవర్తి అగస్టసు కాలమున ఏర్పడిన రాజ్యవార్తల వ్యవస్థ ఇట్టిదే. గుర్రములు మార్చు మజిలీలు కొన్ని, రాత్రి బసచేయు మజిలీలు కొన్ని. కావున ‘పోస్టు’ అనగా మొదట ఉత్తరము కాదు, సంచి కాదు, కచేరి కాదు. దారిలో ఒకచోట ఉంచబడిన మనుష్యుడును, అతని గుర్రమును. పదునారవ శతాబ్దపు ఆంగ్లమున వార్తాహరుని పేరే ‘పోస్టు’. ఎనిమిదవ హెన్రీ రాజు కొలువున బ్రయన్ ట్యూక్ అను నతడు పోస్టుల అధిపతిగ ఉండెను. అతడు ఏలినది ఉత్తరములను గాదు. రాజమార్గములపై ఉంచబడిన మనుష్యులను. వారిలో పెక్కుమంది సత్రములు నడుపువారు, గుర్రములు ఉన్నవారు. ఆ కాలపు అధికారలేఖల పైభాగమున ‘త్వరపడుము, పోస్టా, త్వరపడుము’ అను అర్థమిచ్చు హెచ్చరిక వ్రాసెడివారు. ఆ పిలుపు ఉత్తరమును మోయు మనుష్యునికే. మిక్కిలి త్వరగ అని నేడు ఆంగ్లమున వాడు ‘పోస్టుహేస్టు’ అను పదము ఆ పిలుపు మిగిల్చిన గురుతు.

మొదటి చార్లెసు రాజు 1635లో ఈ రాజపోస్టులను సామాన్యప్రజల ఉత్తరములకును తెరచెను. అప్పటినుండి మాట మెల్లగ మనుష్యుని విడిచి సంస్థకు, సంస్థనుండి సంచికి, సంచినుండి అందలి ఉత్తరములకు పాకినది. నేడు పోస్టు వచ్చినదనగా కాగితములు వచ్చినవని అర్థము. తెచ్చినవానిని తెలుపుటకు ‘మాన్’ అను తోక వేరుగ తగిలింపవలసి వచ్చెను.

ఈ పద్ధతి భారతదేశమున ఆంగ్లేయులు రాకముందే నడచుచుండెను. 1333లో సింధునదిని చేరిన మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా దీనిని తన యాత్రాగ్రంథమున శ్రద్ధగ వర్ణించెను. గుర్రముపై పోవునది ఒకటి, కాలినడకను పోవునది ఒకటి. కాలినడక దారిలో మైలునకు మూడు మజిలీలు. పరుగెత్తువాడు ఒక చేత ఉత్తరమును, మరియొక చేత రెండు మూరల కర్రను పట్టును. కర్ర కొనకు రాగి గంటలు. ఆ గంటల చప్పుడు వినగానే ముందరి మజిలీవాడు నడుము బిగించి సిద్ధమగును. గుర్రముకంటె ఈ మనుష్యులే వేగముగ పోవుదురని ఆ యాత్రికుడు వ్రాసెను. ఖురాసాను పండ్లు సుల్తానునకు వీరి చేతిమీదుగనే వచ్చెడివి. సుల్తాను దౌలతాబాదున ఉన్నపుడు అతడు త్రాగుటకు గంగాజలము కూడ వీరే మోసెడివారు. ఆ దూరము నలుబది దినముల ప్రయాణము. ఆ గంటల కర్ర ఐదువందల ఏండ్ల పిమ్మట కంపెనీ దొరతనపు రన్నరు చేతిలోను కనబడును.

దారిలో మనుష్యులను ఉంచుట అను ఈ భావమునకు తెలుగున చక్కని మాట ఒకటి ఉన్నది: అంచె. బోయీలు, బంట్లు ఒకరి బరువును ఒకరు అందుకొను చోటు అంచె. ఇటలీవారి ‘పోస్తా’కు ఇంతకంటె సరియైన తెలుగు దొరకదు. కన్నడమున ‘అంచె’ నేటికిని ఉత్తరముల శాఖకు పేరు. మైసూరు రాజ్యపు అంచె 1889లో బ్రిటిషు ఇండియా పోస్టులో కలిసెను. తిరువాన్కూరు ‘అంచల్’ 1951 వరకు నిలిచెను. తెలుగువారు మాత్రము ఉత్తరముల శాఖకు ఆ పేరు పెట్టుకొనక, ‘అంచెలంచెలుగా’ అను పలుకుబడిలో దానిని దాచుకొనిరి.

తెలుగునాట స్థిరపడినది ‘తపాలు’. ఉత్తరాదిని ‘డాకు’ అను చోటనెల్ల దక్షిణాదిని ‘తపాలు’ అందురు. దీని మూలము నిఘంటుకారులకు చిక్కలేదు. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువున దీనిని గూర్చి సి.పి. బ్రౌను చెప్పిన సంగతులు రెండు ఎక్కినవి. మజిలీ అను అర్థముగల ‘ఎతాప్’ అను ఫ్రెంచిమాటతో దీనికి సంబంధముండునేమో అనునది మొదటిది. రెండవది అంతకంటె చమత్కారమైనది. ‘టప్పాలు’ అను మాట చివర ‘లు’ వినబడుటచే తెలుగు గుమాస్తాలు దానిని బహువచనమని తలచి, ఏకవచనముగ ‘టప్పా’ అని వ్రాయసాగిరట. పదునెనిమిదవ శతాబ్ది చివర ఆంగ్లేయుల వ్రాతలలో అక్కడక్కడ కనబడు ‘టప్పా’ ఆ గుమాస్తాల కలమునుండి జారినదే. తమ భాష వ్యాకరణము బాగుగ తెలిసినవారు మాత్రమే చేయగల పొరపాటు ఇది! ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ కార్యాలయములలో బయటినుండి వచ్చిన కాగితముల దొంతర ఇప్పటికిని ‘తపాలు’. ఇంటర్నెట్టులో వ్రాయు తెలుగువారు తమ వ్రాతను ‘టపా’ అని పిలుచుకొనిరి. ఆ గుమాస్తాలు కల్పించిన ఏకవచనము ఈ విధముగ మూడవ శతాబ్దిలో అడుగిడినది.

కంపెనీ దొరతనపు లేఖలు మోయుటకు మనుష్యులను జమీందారులు సమకూర్చవలెనని క్లైవు 1766లో ఏర్పాటు చేసెను. వారన్ హేస్టింగ్సు 1774లో కలకత్తాలో పోస్టుమాస్టరు జనరలును నియమించి, రుసుము చెల్లించిన ప్రజల ఉత్తరములను గూడ స్వీకరింపజేసెను. నూరు మైళ్లకు రెండణాలు, అనగా బేడ. మద్రాసున జనరల్ పోస్టాఫీసు 1786లో తెరచిరి. మద్రాసునుండి కలకత్తాకు పోవు దారి తూర్పుతీరము వెంట నెల్లూరు, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, గంజాము మీదుగ సాగెను. రాజమహేంద్రవరము కడ గోదావరిపై రైలువంతెన 1900లో గాని పూర్తికాలేదు. అంతవరకు సంచి పడవపైననే ఏరు దాటవలెను. వరద వచ్చినపుడు రన్నరు గట్టున కూర్చుండును. కలకత్తాలో దొర కూడ కూర్చుండును.

ఉత్తరములు మోయు హక్కును 1837 చట్టము ప్రభుత్వమునకే ప్రత్యేకించెను. దూరమును బట్టి రుసుము పెరుగు పద్ధతి 1854 వరకు సాగెను. ఆ ఏడు అక్టోబరు 1నుండి దేశమంతట ఒకే వెల: పావు తులము ఉత్తరమునకు అర్ధణా, బిళ్ల అంటించిన చాలును. 1879లో కాలణా కార్డు వచ్చెను. తెలుగునాట ఆధునిక యుగమును తెచ్చిన వస్తువులను లెక్కింపవలసివచ్చిన, రైలుబండి ప్రక్కన ఈ కాలణా కార్డును నిలుపవలెను. ‘ఒక కార్డుముక్క వ్రాయుము’ అను మాట ఊరు విడిచిపోవు ప్రతి కొడుకునకును తల్లి చెప్పు మాట అయ్యెను. చదువురాని ఇంట ఉత్తరము చదివిపెట్టువాడును, జవాబు వ్రాసిపెట్టువాడును పోస్టుమానే. 1880లో మనియార్డరు, 1882లో సేవింగ్సు బ్యాంకు చేరినవి. నిజాము రాజ్యమునకు సొంత తపాలు ఉండెను. 1869లో దాని బిళ్లలు మొదలయ్యెను. కొన్నిటిపై తెలుగు అక్షరములు కూడ ఉన్నవి. అది 1950 ఏప్రిల్‌లో భారత శాఖలో కలిసెను.

ఇచట ‘మెయిలు’ అను మాటను గూర్చి ఒక సంగతి. ఇది పాత ఫ్రెంచిభాషలో సంచికి పేరు. బ్రిటనున రాయల్ మెయిలు అను సంస్థ ‘పోస్టు’ను బట్వాడా చేయును, అమెరికాలో పోస్టల్ సర్వీసు అను సంస్థ ‘మెయిలు’ను బట్వాడా చేయును. ఎవరి ఇంట ఎవరి సొమ్ము ఉన్నదో చెప్పుట కష్టము. తెలుగువాడు ఈ తగవులోనికి పోక, ‘మెయిలు’ను రైలుబండికి ఇచ్చివేసి ‘పోస్టు’ను ఉత్తరమునకు ఉంచుకొనెను. ఇ-మెయిలు వచ్చువరకు ఆ పంపకము చెడలేదు.

ఉద్యోగపు పోస్టు పుట్టినది సైన్యమున. కావలిభటుడు నిలువవలసిన తావు పోస్టు. పదునారవ శతాబ్ది చివరినుండి ఈ వాడుక కానవచ్చును. ఆ తావు తనది కాదు, కాని దానిని విడుచుట నేరము. సైనిక అంత్యక్రియలలో బూరతో ఊదు ‘లాస్ట్ పోస్టు’ అను గీతము పేరు విని చివరి ఉత్తరమని పొరబడుట కద్దు. అది రాత్రివేళ చివరి కావలితావు తనిఖీ ముగిసినదని తెలుపు పిలుపు. సైన్యమునుండి మాట వర్తకమునకు ప్రాకెను. 1611లో మచిలీపట్టణమున ఆంగ్లేయులు నెలకొల్పిన వర్తకస్థానమును నేటి చరిత్రకారులు ‘ట్రేడింగ్ పోస్టు’ అందురు. అందున్నవారు దానిని ‘ఫ్యాక్టరీ’ అనిరి. పదునేడవ శతాబ్ది చివరికి కత్తి పట్టనివాని ఉద్యోగము కూడ పోస్టు అయ్యెను. భటుని ఒక తావున నిలుపుట ‘పోస్టింగు’. భారతదేశపు సర్కారు ఆంగ్లమున ఈ మాట గుమాస్తానుండి కార్యదర్శి వరకు అందరిని పట్టుకొన్నది. రాజమండ్రిలో పుట్టి ఢిల్లీలోనో షిల్లాంగులోనో పోస్టింగు పడిన ఉద్యోగి, తెలిసియో తెలియకయో, మాట యొక్క మొదటి అర్థమును తన బ్రతుకున నడపుచున్నాడు: దూరపు దారిలో ఒకచోట ఉంచబడిన మనుష్యుడు.

తక్కిన అర్థములను గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. చిట్టానుండి ఆవర్జాకు పద్దు ఎక్కించుటను లెక్కలవారు పోస్టింగు అందురు. అదియును ఒక వస్తువును దాని తావున ఉంచుటయే. గుంజపై ప్రకటన అంటించుటనుండి ‘పోస్టరు’ వచ్చెను. తెలుగువారు దానికి గోడను చేర్చి ‘వాల్‌పోస్టరు’ అనిరి. గుంజ పోయి గోడ వచ్చెను. గుర్రపు పందెమున గెలుపు గుంజను ముందు దాటినవాడు గెలిచినట్లు, ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలుచు పద్ధతికి ‘ఫస్ట్ పాస్ట్ ది పోస్ట్’ అని పేరు. 1951–52 మొదలు లోక్‌సభ ఎన్నికలన్నియు ఆ పద్ధతినే జరిగినవి. నిజమునకు అందు దాటవలసిన గుంజ ఏదియు లేదు, ప్రక్కవానిని దాటిన చాలును. ‘తరువాత’ అను లాటిను అవ్యయము పోస్టుమార్టములోను, పోస్టుగ్రాడ్యుయేటులోను, ఉత్తరము చివర వ్రాయు పి.ఎస్.లోను, మధ్యాహ్నము దాటిన గంటలకు చేర్చు పి.ఎం.లోను దాగియున్నది. పని ముగిసిన పిమ్మట వచ్చు మంజూరునకు కచేరులలో ‘ఎక్స్ పోస్ట్ ఫాక్టో’ అని పేరు. ఇక ‘పోస్ట్‌పోన్’ అను మాటలో రెండు కుటుంబములును కలిసినవి: ‘పోస్ట్’ అనగా తరువాత, ‘పోనెరె’ అనగా ఉంచుట. పోస్టు భర్తీ పోస్ట్‌పోన్ అయినదన్న వాక్యమున ఒకే ధాతువు రెండుమారులు ఏడ్చును.

కావలితావుగ మొదలైన పోస్టు భారత ప్రభుత్వ నియమములలో పొందిన మార్పు మాత్రము నిదానముగ చూడదగినది. 1922 జనవరి 1న అమలులోనికి వచ్చిన ఫండమెంటల్ రూల్సు పోస్టులను వింగడించెను. నిర్ణీత జీతముతో, కాలపరిమితి లేక మంజూరైనది పర్మనెంటు పోస్టు. పరిమిత కాలమునకు మంజూరైనది టెంపరరీ పోస్టు. ఒక పర్మనెంటు పోస్టునందు ఒకే కాలమున ఇద్దరిని స్థిరముగ నియమింపరాదు. ఆ పోస్టుపై ఉద్యోగికిగల హక్కు ‘లీను’. ఈ నిర్వచనములలో మనుష్యుని ప్రసక్తి ఎంత తక్కువయో గమనింపవలెను. మనుష్యుడు రాకముందే పోస్టు పుట్టును. అతడు రిటైరైన పిమ్మటను ఉండును. ఎవరును లేనపుడు ఖాళీ అను పేరుతో బ్రతికియుండును. పదునారవ శతాబ్దిలో మనుష్యుడే పోస్టు. ఇరువదవ శతాబ్దికి పోస్టు ఒక కుర్చీ, మనుష్యుడు అందు కొంతకాలము కూర్చుండువాడు. దీనికి పరాకాష్ఠ సూపర్‌న్యూమరరీ పోస్టు. స్థిరపు పోస్టు దొరకని ఉద్యోగి లీనును నిలుపుటకే దానిని సృష్టింతురు. దానికి పని ఏదియు ఉండదు. ప్రభుత్వ సూచనలే దానిని నీడపోస్టు అని పేర్కొన్నవి.

ఢిల్లీ కచేరులలో ఈ మాటకు హిందీ ‘పద్’. అది సంస్కృత పదమే. సంస్కృతమున పదమనగా పాదము, అడుగు పెట్టిన చోటు, స్థానము, మాట. హిందీవారు స్థానమును పట్టుకొనిరి. తెలుగువారు మాటను పట్టుకొని, స్థానమును ‘పదవి’కి విడిచిరి. కావున ‘రిక్త్ పద్’ అను ప్రకటనను మొదటిమారు చూచిన తెలుగు ఉద్యోగికి అది ఖాళీ ఉద్యోగమువలె గాక శూన్యమైన మాటవలె తోచుటలో వింత లేదు. పరీక్ష వ్రాసి ఏండ్ల తరబడి వేచిన నిరుద్యోగికి రెండర్థములును ఒకటియే.

పోస్టు, మనుష్యుడు వేరైన పిమ్మట ఒక చిక్కు ఏర్పడెను. పని చేయు ప్రతివానికిని పోస్టు ఉన్నదా? రాజ్యాంగపు 311వ అధికరణము యూనియను క్రిందగాని రాష్ట్రము క్రిందగాని సివిల్ పోస్టు కలవానికి రక్ష కల్పించెను. ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, చెప్పుకొనుటకు తగిన అవకాశమిచ్చినగాని అతనిని తొలగింపరాదు. కావున పోస్టు ఉన్నదా లేదా అనునది నిఘంటువు ప్రశ్నగ మిగులలేదు. కూడు ప్రశ్న అయినది. అస్సాములో కమీషనుపై భూమిశిస్తు వసూలు చేయు మౌజాదారు విషయమున సుప్రీంకోర్టు 1960 దశకమున దీనిని విచారించెను. ప్రతి పోస్టు ఉద్యోగమే గాని, ప్రతి ఉద్యోగము పోస్టు కాదనియు, దినకూలికి పోస్టు లేదనియు, పోస్టు తన్ను ధరించినవానికి వేరుగ నిలుచునదనియు తీర్మానించి, మౌజాదారునకు పోస్టు ఉన్నదని చెప్పెను.

అటుపిమ్మట ఇంకను విచిత్రమైన ప్రశ్న న్యాయస్థానమునకు ఎక్కెను. పోస్టు మోయువానికి పోస్టు ఉన్నదా?

పూర్తికాలపు ఉద్యోగిని పెట్టుటకు తగిన పని లేని పల్లెలలో తపాలా శాఖ బడిపంతులు, దుకాణదారు వంటివారికి దినమునకు కొన్ని గంటల పని అప్పగించుట చిరకాలముగ వచ్చుచున్న పద్ధతి. వారికి జీతము కాదు, అలవెన్సు. బ్రతుకుటకు వేరొక ఆధారము ఉండవలెనని నియమము. వారి పేరు ‘ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంటు’. అనగా శాఖకు వెలుపలి మనిషి. కాని పల్లెవానికి శాఖ యనగా అతడే. బిళ్లలమ్మువాడు, మనియార్డరు ఇచ్చువాడు, సేవింగ్సు పుస్తకమున ముద్ర వేయువాడు అతడే. అతని ఇంటి వసారాయే పోస్టాఫీసు. అట్టివారిని కొందరిని 311వ అధికరణపు విచారణ లేకయే తొలగించిరి. ప్రభుత్వ పక్షపు వాదము, వారు ఒప్పందముపై పనిచేయు ఏజెంట్లు గాని సివిల్ పోస్టు కలవారు కారని. 1977 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. నియామకము, పని, క్రమశిక్షణ అన్నియు ప్రభుత్వపు అదుపులో ఉన్నవి. ఏజెంటు దినకూలి కాడు. అతని పోస్టు అతనికి వేరుగ నిలుచుచున్నది. కావున అది సివిల్ పోస్టే అని తీర్పు. విచారణ లేని తొలగింపులు చెల్లలేదు.

ఆంగ్లదేశపు రాజమార్గమున గుర్రముతో కాచుకొన్న సత్రపు యజమానికిని ఈ పల్లె ఏజెంటుకును పోలిక చూడుడు. ఇద్దరికిని వేరే జీవనము ఉన్నది. ఇద్దరును తమ ఇంటనే ఉండి రాజ్యపు సంచిని అందుకొని ముందుకు పంపుదురు. నాలుగువందల ఏండ్ల క్రిందట అతనిని పోస్టు అని పిలుచుటకు ఎవరి తీర్పును అక్కరలేకపోయెను.

తంతి, తపాలు 1985లో వేరుపడెను. ప్రజలకు టెలిగ్రాము సేవ 2013 జులైలో ముగిసెను. 2001లో ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంటు పేరు గ్రామీణ డాక్ సేవక్ అయ్యెను. నియమముల ప్రకారము సేవకునిచే దినమునకు ఐదు గంటలకు మించి పని చేయింపరాదు. అతడు యూనియను సివిల్ సర్వీసుకు వెలుపలివాడు. 1977 తీర్పు ఇచ్చిన పోస్టు ఉన్నది, సర్వీసు లేదు. 1898 నాటి పోస్టాఫీసు చట్టము స్థానమున 2023 చట్టము 2024 జూన్ 18నుండి అమలైనది. ఉత్తరములు మోయుటకు 1837లో ప్రభుత్వము తనకే ఉంచుకొన్న గుత్తహక్కు అందు లేదు. ఇపుడు ఎవరైనను ఉత్తరము మోయవచ్చును. దేశమునగల లక్షన్నరకు పైబడిన పోస్టాఫీసులలో పదింట దాదాపు తొమ్మిది పల్లెలలో ఉన్నవి. వాటిలో ఎక్కువ భాగము బ్రాంచి ఆఫీసులు. వాటి బల్ల వెనుక కూర్చుండి, సాయంకాలము సంచి మూతి కట్టి లక్క ముద్ర వేయునది ఆ వెలుపలి మనుష్యుడే.